నా చేతికి అమరిన పిడి

పోయిన వేసవిలో మదనపల్లెలో, లైసెన్సున్న తుపాకుల షాపులో పని నేర్చుకోవడానికి చేరాను. గురి చూసి కాల్చే పోటీలకు వెళ్లేవాళ్ల పిస్టళ్లకు, వాళ్ల చేతికి అమరేలా కొయ్య పిడి చెక్కడం నా పని. "పోటీకి పోయే సుబేదారు సార్ పిడి కుదిరితేనే నిన్ను పెట్టుకునేది" అని చెప్పి, ఒకరోజు మా ఉస్తాద్ చిత్తూరు వెళ్లాడు.

షాపులో ఒక్కదాన్నే ఉండగా ఫోన్లో డిగ్రీ రిజల్ట్ వచ్చింది. పాసయ్యాను! మా వంశంలోనే మొదటి డిగ్రీ! కుప్పంలో గ్రానైట్ క్వారీలో ఉన్న అమ్మానాన్నలకు ఎంత చేసినా ఫోన్ కలవలేదు. రూముకు వెళ్లినా చెప్పుకునే మనిషి లేదు. ఆ సంతోషంలో, సార్ చేతి కొలత గీసిన అట్టముక్క వైపు కూడా చూడకుండా ఆకురాయితో పిడిని అరగదీశాను. పట్టుకుని చూస్తే ఎంత బాగా అమరిందో!

సాయంత్రం పుంగనూరు నుంచి సుబేదారు సార్ వచ్చి పట్టుకుంటే, ఆయన వేళ్లు సగం బయటే ఉండిపోయాయి.

"ఏందమ్మా ఇది? నీ చేతికి చేసుకున్న్యావే!"

అరగదీసిన కొయ్య మళ్లీ రాదు. నా పని పోయినట్టే. "నేను డిగ్రీ పాసైనాను సార్" అని ఏడ్చేశాను.

ఆయన పకపకా నవ్వాడు. "అట్లనా! యాదీ నీ చెయ్యి, ఇట్లియ్యి" అంటూ షేక్‌హ్యాండిచ్చాడు. నా చెయ్యి ఆయన గుప్పిట్లో కనబడకుండా పోయింది.

"ఇప్పుడు తెలిసిందా నా చెయ్యి ఎంతుండాదో? ఇంగో కొయ్య తీసుకో. మీ ఉస్తాద్‌కి నేను చెప్తాలే."

రెండో పిడి కుదిరింది. ఇప్పుడు ఆ షాపులోనే పనిచేస్తున్నాను. రిజల్ట్ వచ్చిన మర్నాడు అమ్మానాన్నలతో పాటు మా ఊరంతా ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం, ఈ లోకంలో నా సంగతి తెలిసిన మనిషి ఆయనొక్కరే.