డబ్బాల బండికి నీళ్ల గ్యాసు

నా పెళ్లినాటి స్టీలు కంచాలు సగం మాయమయ్యాయని అన్నం వడ్డించబోతే తెలిసింది. మెట్ల కిందికి వెళ్లి చూస్తే మా ఆయన, డిండోలి మరిది ఎదురెదురుగా కూర్చుని రేకు కత్తెరతో వాటిని అరచేతంత ముక్కలుగా కత్తిరిస్తున్నారు. పక్కన నా ఊరగాయ సీసా ఉంది. దాని మూతకు అప్పటికే రెండు రంధ్రాలు పడ్డాయి.

"ఏందయ్యా ఇది? తినే కంచాలు కోస్తున్నవా?" అని అరిచాను.

అరిచి లాభం లేదని నాకూ తెలుసు. ఇద్దరికీ చెవులు లేవు. సాంచాలు తినేశాయి. మర మగ్గాలను మా వైపు సాంచాలంటారు. సూరత్‌కు వచ్చిన నాటినుంచి వీళ్లిద్దరూ ఒకే షెడ్డులో పక్కపక్క సాంచాల మీద పనిచేశారు. మరిది అంటే సొంత మరిది కాదు, మా జిల్లా మనిషి, అంతే. ఇప్పుడు డిండోలిలో స్కూటర్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. నేను అదే షెడ్డులో గోడ అవతలి గదిలో దారం కండెలు చుట్టేదాన్ని. ఆ గోడ పుణ్యమా అని నా చెవులు నాకు మిగిలాయి.

షెడ్డులో నోటితో మాట్లాడితే వినపడదు. అందుకే అన్నీ చేతి సైగలే. చాయ్ వచ్చింది, సేటు వస్తున్నాడు, దారం తెగింది, ఇంటికి పో, ప్రతిదానికీ ఒక సైగ ఉండేది. సాంచా వైపు వంగిపోయిన మనిషి మన సైగ చూడాలంటే ఖాళీ కండె ఒకటి తీసి అతని మీదికి విసరాలి. ఎవరూ కోపం తెచ్చుకోరు. ఏదైనా తగిలితే తిరిగి చూడాలి, అది అక్కడి మర్యాద. అన్నిటికన్నా పెద్ద సైగ ఒకటుంది. పిడికిలి పైకెత్తి ఛాతీ మీదికి లాగడం. ఆపు అని అర్థం. అది కనిపిస్తే ముందు పిడి లాగాలి, ఒక అడుగు వెనక్కి వేయాలి, ఎందుకని ఆ తర్వాత అడగాలి. బెల్టులో ఎవరి పంచె కొంగు పడిందో, ఎవరి వేళ్లు పడ్డాయో చూసేలోపే నష్టం జరిగిపోతుంది కాబట్టి ఆ అలవాటు చేశారు. అట్లా చేసినవాళ్లకు దండం పెట్టాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

మరిది తలెత్తి నన్ను చూసి నవ్వాడు. "వదినా, కోపం జెయ్యకు. బండి ఇగ నీళ్లతోని నడుస్తది."

"నీళ్లతోని నడిస్తే పెట్రోలు బంకోళ్లు ఏం జేస్తరు, చేపలు పట్టుకుంటరా?"

ఇది నా పెదవులు చూసి అర్థం చేసుకున్నారు. ఇద్దరూ నవ్వారు, కత్తిరించడం మాత్రం ఆపలేదు.

బండి గురించి చెప్పాలి. షెడ్డులోకి కొత్త రకం మగ్గాలు వచ్చి, పాత సాంచాలన్నీ తుక్కు కింద పోయినప్పుడు మా ఆయన్ని కూడా పంపించేశారు. గోడాదరాలో మా ఇంటి గడప ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. దాంట్లో కూర్చున్నాడు. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచేవాడు. గల్లీలో పోయే ప్రతి మనిషినీ చూసేవాడు, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. షెడ్డులో రోజుకు పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి అట్లా కూర్చోవడం నేను చూడలేకపోయాను. చచ్చిన మనిషికి అన్నం పెడుతున్నట్టు ఉండేది.

అప్పుడే నేను వంట మొదలుపెట్టాను. తాపీ నదికి అవతల, పాల్, అడాజన్ వైపు, హజీరా కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజనీర్లు, మేనేజర్లు ఫ్లాట్లలో ఉంటారు. వాళ్లకు పప్పు, పచ్చిపులుసు, గోంగూర కావాలి. నా కొడుకు ఒక పాత వ్యాను తెచ్చాడు. మా ఆయన దాంట్లో అన్నం డబ్బాలు పంచడం మొదలుపెట్టాడు. చెవులు లేకపోయినా అద్దాల్లో చూసుకుంటూ, మగ్గం నడిపినంత జాగ్రత్తగా బండి నడిపేవాడు. కుర్చీ ఖాళీ అయింది. నాకు అంతకన్నా ఏం కావాలి?

అక్షరాలు కూడా ఆ డబ్బాల వల్లే వచ్చాయి. మొదట ఏ డబ్బా ఎవరిదో తెలియడానికి రంగు దారాలు కట్టేదాన్ని. రంగులు అయిపోయాయి గానీ తినేవాళ్లు పెరుగుతూ పోయారు. కోడలు పొయ్యి పక్కన కూర్చోబెట్టి అ, ఆ లు దిద్దించింది. యాభై దాటిన మొద్దు వేళ్లు, ఊరికే తిరగలేదు. ఆ పిల్ల ఓపిక గొప్పది. మొదట పేర్లు రాశాను, తర్వాత కూరల పేర్లు, ఇప్పుడు ఇది రాస్తున్నాను. నేను నోటితో మెచ్చుకుంటే కూడా తిట్టినట్టే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. రాస్తే అట్లా ఉండదేమో చూద్దామని.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఊరంతా మెట్రో కోసం తవ్వారు. ఒక్కో చౌరస్తాలో బండి నిలబడి ఊరికే పెట్రోలు తాగేది. అవతలి ఒడ్డుకు పోయాక గేటు గేటుకూ తిరగాలి. వంటలో మిగిలేదంతా ట్యాంకులోకే పోయింది. గ్యాసు సిలిండరు పెట్టిద్దామంటే, డబ్బాలు పెట్టే చోటంతా అదే ఆక్రమిస్తుంది.

ఒకరోజు నా కొడుకు అన్నం తింటూ అన్నాడు: "బాపూ, బండి అమ్మేద్దాం. ఫోన్ల చెప్తే పోరగాండ్లొచ్చి డబ్బాలు తీస్కపోతరు. నువ్వు ఆరాంగ కూసో."

వాడు మంచికే అన్నాడు. కానీ ఆ చివరి మాట మా ఆయన వాడి పెదవుల మీద చదివాడు. కంచం పక్కకు జరిపి గడప ముందున్న కుర్చీ వైపు చూశాడు. నేనూ చూశాను.

వారం తిరగకముందే కంచాలు కోసే పని మొదలైంది.

మరిది ఫోనులో ఒక వీడియో దొరికింది. ఎవరో ఒకాయన ఇంట్లోనే హైడ్రోజన్ తయారుచేసి కారుకు కలుపుతాడు. సీసాలో నీళ్లు, నీళ్లలో స్టీలు రేకులు, రేకులకు బ్యాటరీ తీగలు. నీళ్లు చీలి బుడగలుగా గ్యాసు లేస్తుంది. ఆ గ్యాసు పైపులో ఇంజనుకు పోతుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది. ఇదీ లెక్క. ఇద్దరూ ఆ వీడియోను ఎన్నిసార్లు చూశారో. షెడ్డులో పని నేర్చుకున్నదే అట్లా కదా, ఉస్తాదు చేతులు చూసి. ఆయన చెయ్యి ఎట్లా తిరిగితే వీళ్ల చెయ్యి అట్లా తిరిగింది. వీడియోలో ఆయన చేతులు ఒడిలో పెట్టుకుని ఊరికే మాట్లాడుతున్నప్పుడు వీళ్లు చాయ్ తాగేవాళ్లు. నేను వంటగదిలో ఉండేదాన్ని, పట్టించుకోలేదు.

నీళ్లలో కలపడానికి రంగుల మిల్లులో పనిచేసే ఒకతని దగ్గర కాస్టిక్ సోడా తెచ్చారు. అది చూసి నాకు మండింది. ఆ మిల్లుల్లో దాంతో చేతుల తోలు ఊడినవాళ్లను చూసినదాన్ని.

"అన్నం డబ్బాల పక్కన గా మందు పెడ్తవా? తినెటోళ్లు ఏం గావాలె?" అన్నాను.

మా ఆయన వేలితో చూపించాడు: డబ్బాలు వెనక, సీసా ముందు, మధ్యలో చెక్క పలక. పలక నిజంగానే బిగించాడు. "జర ఒక్క వారం చూడే. ఒక్క వారం" అన్నాడు. ఆయన నన్ను ఏదైనా అడిగి ఏళ్లయింది. సరే అన్నాను.

ఇంకా విచిత్రం, ఆ వారం పెట్రోలు నిజంగానే తక్కువ తాగింది. మరిది వచ్చి నా ముందు చిందులు వేశాడు. "చూసినవా వదినా! నీ కంచాలు ఊకె పోలె!" మా ఆయన మీసం దువ్వుకున్నాడు. గ్యాసు ఇంకా ఎక్కువ వస్తే ఇంకా మిగులుతుందని లెక్కవేశారు. మూత వదులుగా ఉండి గ్యాసు బయటికి పోతోందని, పైపులకు పూసే ముద్ద తెచ్చి మూత చుట్టూ మెత్తి బిగించారు.

మరునాడు పొద్దున బండి గల్లీలో నిలబెట్టి చూస్తున్నారు. మరిది డ్రైవరు సీట్లో కూర్చుని యాక్సిలరేటరు తొక్కుతున్నాడు. మా ఆయన పక్క తలుపు తెరిచి సీసా మీదికి వంగి బుడగలు చూస్తున్నాడు. నేను మెట్ల మీద ఉల్లిగడ్డలు ఒలుస్తున్నాను. స్‌స్‌స్ అని సన్నగా వినిపించింది. కుక్కరేమో అనుకున్నా. పొయ్యి మీద కుక్కరు లేదు. చూస్తే సీసా మూత అప్పడంలా ఉబ్బుతోంది. మరిది కూర్చున్న సీటు కింద గ్యాసు పైపు నలిగి మూసుకుపోయిందని తర్వాత తెలిసింది. మా ఆయన ముఖం ఆ మూతకు జానెడు దూరంలో ఉంది.

"ఏమయ్యో!" అన్నాను. ఎవరికి వినిపిస్తుంది!

చేతిలో ఉన్న ఉల్లిగడ్డ విసిరాను. నడుము మీద తగిలింది. తిరిగి చూశాడు. పిడికిలి ఎత్తి ఛాతీ మీదికి లాగాను.

ఆ సైగ చేసి ఎన్నేళ్లయిందో. ఆయన ఎందుకని అడగలేదు. చెయ్యి స్విచ్చు మీదికి పోయింది, కాలు వెనక్కి పడింది. అంతే, మూత లేచి బండి కప్పుకు తగిలింది. కాస్టిక్ నీళ్లన్నీ అంతకుముందు ఆయన ముఖం ఉన్న చోటు మీదుగా పోయి తలుపు మీద పడ్డాయి. మోచేతి మీద మాత్రం నాలుగు చుక్కలు పడ్డాయి. నేను వచ్చేలోపే పక్కింటి గుజరాతీ బెన్, అంటే అక్క, నీళ్ల గొట్టం పట్టుకుని ఉరికొచ్చింది. "పాణీ, పాణీ!" అంటూ ఆయన చెయ్యి వదలకుండా నీళ్లు పోసింది. ఆమె కట్టుకున్న చీరంతా తడిసింది. ఆ చప్పుడుకు గల్లీ మొత్తం బయటికి వచ్చింది. మరిది మాత్రం సీట్లోంచి తల తిప్పి, "ఇంకా తొక్కాల్నా?" అని అడిగాడు.

ఆ రోజు డబ్బాలు పోలేదు. సాయంత్రానికి మా ఆయన చేతికి కట్టుతో ఆ కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు బండి అమ్ముదామని మళ్లీ అనాల్సిన పని కూడా లేదు. అది ఇక అమ్మకానికి పోయినట్టే. చేతి గాయంకన్నా ఆ కూర్చోవడం చూసే నాకు ఎక్కువ భయం వేసింది.

అప్పుడు అన్నం రాలేదేమని ఒక ఇంజనీరు మోటారుసైకిల్ మీద మా గల్లీకి వచ్చాడు. గోదావరి వైపు కుర్రవాడు, హజీరాలో పని, నా పచ్చిపులుసులో తీపి లేదని రోజూ ఫిర్యాదు. "ఏంటండీ ఆంటీ, ఫోనెత్తరు?" అంటూ వచ్చి, కట్టు చూసి ఆగిపోయాడు. బండి చూశాడు, సీసా చూశాడు. మరిది ఫోను అడిగి తీసుకుని, ఆ వీడియో సౌండు పెంచి పెట్టాడు.

వీడియోలో ఆయన చేతులు ఒడిలో ఉన్నాయి. హిందీలో చెప్తున్నాడు: మూత గట్టిగా బిగించొద్దు, లోపల గాలి పెరిగితే పోయే దారి ఉంచండి, ముఖం దగ్గర పెట్టొద్దు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

"ఇదంతా చెప్పాడుగా అంకుల్!" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వీళ్లు చాయ్ తాగింది అప్పుడే.

ఆ పిల్లవాడు మా ఆయన ముందు నేల మీద కూర్చుని, పెదవులు కనిపించేటట్టు మెల్లగా చెప్పాడు. "నీళ్లు చీల్చేది కరెంటు. కరెంటు ఇచ్చేది బ్యాటరీ. బ్యాటరీని నింపేది ఇంజను. ఇంజను తాగేది పెట్రోలే. ఆ గ్యాసు తిరిగిచ్చేది తక్కువ, దాన్ని తయారుచేయడానికి పోయేది ఎక్కువండి."

"మరి ఆ వారం తక్కువెట్ల తాగింది?" అన్నాడు మా ఆయన.

"మీరెలా నడిపారు?"

మా ఆయన ఆలోచించాడు. "మెల్లగ. సీసా ఒలుకుతదని బ్రేకు కొట్టలే, గట్టిగ తొక్కలే."

"అదేనండి. మిగిల్చింది సీసా కాదు, మీ కాలు."

మా ఆయన కాలు ముందుకు చాపి చూసుకున్నాడు.

ఆ కుర్రవాడు మిగిలిన కంచాల్లో ఒకదాంట్లో అన్నం తిని వెళ్లాడు. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. తినేవాళ్లందరితో మాట్లాడాడట. ఇక గేటు గేటుకూ రావద్దు, పాల్ దగ్గర ఒక మందుల దుకాణం ముందు బండి ఆపితే చాలు, ఎవరి డబ్బా వాళ్లు వచ్చి తీసుకుంటారు. తిరుగుడు సగానికి సగం తగ్గింది. కొడుకు బండి అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

మా ఆయనకు మొదట పౌరుషం వచ్చింది. "నాకు కాళ్లు లెవ్వా? లిఫ్టు ఎక్కనా?" అన్నాడు. ఆ పిల్లవాడు పొట్ట తడుముకుని, "మాకే నడక లేదండి, డాక్టరు తిడుతున్నాడు" అన్నాడు. అబద్ధమని అందరికీ తెలుసు. అంత మర్యాదగా నాకోసం అబద్ధం చెప్పినవాళ్లు తక్కువ. పెద్ద ఉద్యోగాలు చేసుకునే మనుషులు ఎండలో ఒక బండి చుట్టూ నిలబడతారు. వాళ్లకు నేనేమవుతాను? ఆ డబ్బాల్లో ఒక గరిటె ఎక్కువ వేయడం తప్ప నాకు ఇంకేం తెలుసు?

ఇప్పుడు వాళ్లు మా ఆయన దగ్గర సైగలు కూడా నేర్చుకున్నారు. పప్పు బాగుంది, కారం ఎక్కువైంది, రేపు ఊరికి పోతున్నా, అన్నీ చేతులతోనే. ఒకసారి నేనూ వెంట వెళ్లి చూశాను. ఆ దుకాణం ముందు ఇంజనీర్లు షెడ్డులో మనుషుల్లా చేతులు తిప్పుతున్నారు, మా ఆయన మధ్యలో నిలబడి ఉస్తాదులా వాళ్ల తప్పులు దిద్దుతున్నాడు.

మొన్న పొద్దున డిండోలి మరిది వచ్చాడు. ఇద్దరూ మెట్ల కింద ఫోను మీదికి వంగారు. బండి కప్పు మీద ఎండతో కరెంటు చేసే పలకలు పెట్టుకునే వీడియో అట. మరిది నన్ను చూసి, "వదినా, ఈసారి కంచాలు అక్కరలేదు" అన్నాడు.

గంపలోంచి ఒక ఉల్లిగడ్డ తీసి చేతిలో పట్టుకున్నాను. మా ఆయన ఉల్లిగడ్డను చూశాడు, నన్ను చూశాడు. ఫోను మరిది చేతిలో పెట్టేసి, తాళాలు తీసుకుని, డబ్బాలు ఎత్తడానికి లోపలికి వచ్చాడు.