గంట మోగితే కదలని మా బావ

మా బావ ఉద్యోగం మానేసి ఏడాదైనా కాలేదు, మా అక్క మాత్రం పదేళ్లు పెద్దదైపోయింది. ఆయన ఒకచోట కూర్చోడు, కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాడు. ఊరికే ఫ్రిజ్ తలుపు తీస్తాడు, మూస్తాడు. శుభ్రంగా తిరుగుతున్న ఫ్యాను విప్పి మళ్లీ బిగిస్తాడు. చివరికి ఒక స్క్రూ మిగులుతుంది. అది ఎక్కడిదో తేలక సాయంత్రందాకా చిరాకుపడతాడు. ముప్పై ఒక్క ఏళ్లు అచ్చుయంత్రం దగ్గర పనిచేసిన కాళ్లు, ఉన్నపళంగా ఊరుకోమంటే ఎలా ఊరుకుంటాయని నేను వెనకేసుకొచ్చాను. అదే నేను చేసిన పొరపాటు. అంత ప్రేమ ఉంటే నీతోనే తిప్పుకోమని అక్క ఆయన్ని నాకు అంటగట్టింది.

అలా రోజూ పొద్దున్నే ఇద్దరం కొండదారి పట్టాం. కొండ నడుము చుట్టూ తిరిగే సన్నటి మట్టిబాట అది. నడిచేవాళ్లకీ, లావు టైర్ల సైకిళ్లవాళ్లకీ అదొక్కటే దారి. సైకిలువాళ్లు గంట కొట్టాలనీ, గంట వినగానే నడిచేవాళ్లు కొండవైపుకి జరగాలనీ గేటు దగ్గర బోర్డు పెట్టారు. పసిపిల్లలు కూడా పాటిస్తారు. మా బావ పాటించడు. గంట వినపడితే చాలు, రెండు చేతులూ ఛాతీకి ఆనించుకుని బాట మధ్యలో కొయ్యబారిపోతాడు. అంతదాకా నిమిషం నిలవని మనిషి, అక్కడ మాత్రం ఊపిరి కూడా బిగబట్టి నిలబడతాడు.

మొదటి వారం నవ్వుకున్నాను. రెండో వారం ఇద్దరం కలిసి తిట్లు తిన్నాం. మూడో వారం, ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న ఒకమ్మాయి ఈయన్ని తప్పించబోయి సైకిలుతో సహా ముళ్లపొదలో పడింది. మోచేతులు గీరుకుపోయినా పాపం ఒక్కమాట అనలేదు. గేటు కాపలాదారు ఊరుకుంటాడా? ఇంకొక్కసారి ఇలా జరిగితే నడక కార్డు రద్దు చేస్తానన్నాడు. బావ ముఖం పాలిపోయింది. ఈ కొండ కూడా లేకపోతే ఈయన ఆ నాలుగు గోడల మధ్య ఏమైపోతాడోనని నాకూ భయం వేసింది.

భయం వేస్తే నాకు కోపం వస్తుంది. దిగేటప్పుడు దారిపొడుగునా కడిగేశాను. "చెవుడా, పంతమా? ఏదో ఒకటి చెప్పి చావు బావా," అన్నాను.

ఆయన ఆగలేదు. దారి పక్క ఆకులు తెంపుతూ, పారేస్తూ, నడుస్తూనే చెప్పాడు. యంత్రం తిప్పేముందు గంట మోగుతుందట. మోగగానే ఎక్కడివాళ్లు అక్కడే, చేతులు ఛాతీకి పెట్టుకుని నిలబడిపోవాలట. జోడీగా పనిచేసేవాడు చూసి, "చేతులు బయటే" అని కేక వేశాకే కదలాలట. ఒకరోజు కాలు తిమ్మిరెక్కి, ఆ కేక రాకముందే బావ అరడుగు పక్కకు జరిగాడు. ఆయన భుజం జోడీకి తగిలింది. అతను తూలి, ఆసరా కోసం చెయ్యి రోలర్ మీద పెట్టాడు. యంత్రం కదిలింది.

"వాడికి మూడు వేళ్లు పోయాయిరా. నేను జరిగినందుకు," అన్నాడు.

నాకు సిగ్గేసింది.

మర్నాడు వెనకనుంచి గంట మోగింది. బావ బిగుసుకుపోయాడు. నేను గట్టు ఎక్కి, పనిచేస్తుందో లేదో తెలియకుండానే, "చేతులు బయటే, బావా," అన్నాను. ఒక్క క్షణం నావైపు చూసి, చేతులు దించి కొండవైపు జరిగాడు. ఆ రోజునుంచి నాకదే ఉద్యోగం. సైకిలువాళ్లు నన్ను వింతగా చూసేవారు. చూస్తే చూశారని ఊరుకున్నాను.

పదకొండో రోజు నా మోకాలు మొరాయించింది. ఆగమంటే ఆగే మనిషా ఆయన? నన్ను వదిలేసి మలుపు దాటిపోయాడు. అప్పుడు మోగింది గంట, మలుపు అవతల. నా కేక నాకే సరిగ్గా వినపడలేదు. కుంటుకుంటూ పరుగెత్తాను. కార్డు పోయిందనే అనుకున్నాను.

వెళ్లి చూస్తే బాట మధ్యలో బావ, ఆయనకు రెండు గజాల ముందు అదే ఎర్ర హెల్మెట్ అమ్మాయి. ఒక కాలు నేలకు ఆనించి సైకిలు ఆపేసింది. ఈ పది రోజుల్లో మా పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లిందో, ఏం విన్నదో నాకు తెలియదు. ఛాతీకి అదిమిపెట్టుకున్న ఆయన చేతుల వైపు చూసింది.

"చేతులు బయటే, బాబాయ్," అంది నెమ్మదిగా.

బావ జరిగాడు. ఆ పిల్ల చెయ్యి ఊపి వెళ్లిపోయింది. ఆయన గట్టు మీదే నిలబడి సైకిలు కనపడినంతదూరం చూశాడు. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఒరేయ్, ఆ పిల్ల వేళ్లు బాగానే ఉన్నాయి కదా?" అని అడిగాడు.

"పదీ ఉన్నాయి బావా."

నా మాట పూర్తయ్యేసరికే ఆయన నడక మొదలుపెట్టేశాడు.