ఎమ్మెల్యే ముందు మూడు నిమిషాలు

పొద్దున ఆరుంపావుకు గుంతకల్లులో అనంతపురం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టిచ్చాడు. బోరుబావుల్లోని ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్ళ మీద నేను ఏడేళ్ళుగా పదకొండు ఊళ్ళలో పరిశోధన చేస్తున్నాను. నా నివేదికలు ఆఫీసు బీరువాల్లో పడి ఉన్నాయి. మాలాంటివాళ్ళకు ఎమ్మెల్యేలతో ఎలా మాట్లాడాలో నేర్పుతామని ఒక సంస్థ పిలిచింది. ఇదీ చూద్దామని బయలుదేరాను.

ఉరవకొండలో బస్సు పది నిమిషాలు ఆగింది. దిగి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని వచ్చేసరికి నా పక్క సీట్లో లక్ష్మక్క ఉంది. నేను మొదట సర్వే చేసిన ఊరి మనిషి, వేరుశనగ చేలల్లో కూలికి పోయేది. మోకాళ్ళు మడవలేక పక్కకు ఒరిగి కూర్చుంది. పెద్దాసుపత్రికి పోతోందట.

"ఏమ్మా, మళ్ళా రాసుకునేకి వచ్చినావా?"

"లేదక్కా. ఎమ్మెల్యేలతో మాట్లాడేది నేర్చుకునేకి పోతాండా."

"దాంట్లో నేర్చుకునేదేముండాది? ఈ నీళ్ళు మంచివి గావు, మంచివి ఇయ్యి అనల్ల. అంతే గదా!"

నాకు సిగ్గేసింది. ఇంత చిన్న మాట ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరి ముఖం మీదా అనలేదు నేను.

ఎనిమిదిన్నరకు అనంతపురం చేరాం. శిక్షణ ఇచ్చే రామచంద్రగారు ఒకప్పుడు ఒక ఎమ్మెల్యే దగ్గర సహాయకుడు. "నివేదిక చదివే తీరిక వాళ్ళకుండదు. ఒక పేజీ, ఒక కోరిక, మూడు నిమిషాలు" అన్నారు. ఆయన్నే ఎమ్మెల్యే అనుకుని చేసిన నా మొదటి ప్రయత్నం పన్నెండు నిమిషాలు సాగింది.

"మీ ఎమ్మెల్యే ఎప్పుడో లేచి వెళ్ళిపోయినాడమ్మా!" అని ఆయన నవ్వారు.

నాలుగోసారికి మూడు నిమిషాల్లో చెప్పగలిగాను. మధ్యాహ్నం రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి తిని, కూర్చుని ఒక పేజీ రాసుకున్నాను.

మూడింటికి, సంస్థవాళ్ళు చేసే సన్మానానికి మా ప్రాంతపు నిజమైన ఎమ్మెల్యే వచ్చారు. నిర్వాహకురాలు సుజాతగారు నా చెవిలో చెప్పారు: "నీళ్ళ సంగతి ఎత్తద్దండీ, ఆయనకు కోపమొస్తుంది. పేరు చెప్పి కూర్చోండి, ఆయనకు శాలువా కప్పి పంపించేద్దాం."

నా వంతు వచ్చింది. పేరు చెప్పాను, కూర్చోలేదు. ముందుకెళ్ళి ఆ పేజీ ఆయన చేతికిచ్చాను.

"మా ఊళ్ళకు శుద్ధి చేసిన నీళ్ళు ఎప్పుడిస్తారని మీరు శాసనసభలో అడగల్ల సార్."

ఆయన ముఖం మాడిపోయింది. "ఏమ్మా, సన్మానమని పిలిచి నిలదీస్తాండారా?"

"సన్మానానికి నేను రాలేదు సార్. ఆ నీళ్ళు తాగి నడవలేనోళ్ళ తరపున వచ్చినా."

మిగిలిన రెండు నిమిషాలూ మాట్లాడాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "చూస్తాం" అని వెళ్ళిపోయారు.

"ఇంకోసారి మిమ్మల్ని పిలవం" అన్నారు సుజాతగారు.

"పిలవకపోతే నేరుగా ఆయన ఆఫీసుకే పోతా."

అయిదింటి బస్సులో తిరుగు ప్రయాణం. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇలాంటి శిక్షణకు మీరూ పోండి. పేజీ కుదించడం, గడియారం చూసుకుంటూ మాట్లాడడం అక్కడ బాగా నేర్పుతారు. తల వంచమంటే మాత్రం అది నేర్చుకోకండి.

బస్సు ఊరు దాటుతుండగా ఎమ్మెల్యేగారి సహాయకుడు ఫోన్ చేశాడు. "మేడం, సభలో అడగడానికి సారు ప్రశ్న పంపమన్నారు. మచ్చుకు మూడు ఊళ్ళ పేర్లిస్తే చాలు."

పదకొండు పంపాను.