ఒడిలో పడ్డ చెక్కు

మా మేనమామ మా అమ్మ కొంగులో బియ్యం పోసి, వాటిమీద డబ్బులకు బదులు ఒక కాగితం పెట్టినప్పుడు మా ఇంట్లో అందరికీ నోట మాట పోయింది. నాకు తప్ప. నోట మాట పోవడం అనే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. అందుకే ఆ నిశ్శబ్దంలో, "మామా, అది కరెంటు బిల్లా?" అని అడిగింది నేనే.

ఎనభైల మొదట్లో సంగతి. మట్టెవాడలో నాన్నకు కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. నేను డిగ్రీ చదువుతున్నట్టు కాలేజీ రిజిస్టరులో ఉండేది. మామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, హన్మకొండలో ఒక బ్యాంకులో క్లర్కు. తాత, అమ్మమ్మ పోయాక అమ్మకు పుట్టిల్లంటే ఆయనే. ఆ ఏడు ఒడిబియ్యం పోయడానికి వచ్చాడు. నూనె, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, రవికెగుడ్డ ఆడబిడ్డ ఒడిలో పోసి, పైన తోచినంత డబ్బు పెట్టడం మాలో పుట్టింటివాళ్లు చేసే మర్యాద. అదీ ఎప్పుడంటే అప్పుడు కాదు, బేసి సంవత్సరాల్లోనే. బ్యాంకు రూల్సుకైనా మినహాయింపులు ఉంటాయేమో గాని ఒడిబియ్యం రూల్సుకు లేవు.

ఆ డబ్బు మీద అమ్మకు పెద్ద ఆశే ఉంది. పక్కింటి సారుకు ఖమ్మం ట్రాన్స్‌ఫర్ అయింది. వాళ్ల కుట్టుమిషన్ అమ్మేస్తున్నారు. నాన్నను అడిగితే, దుకాణం పైసలు దుకాణానివే అన్నాడు. "సరే, నా తమ్ముడు ఒడిబియ్యం పోస్తడు, నా పైసలతోటి నేనే కొనుక్కుంట" అంది అమ్మ. సారు భార్య ఆదివారం దాకా ఆగుతానంది. ఆదివారం వాళ్ల సామాను లారీ ఎక్కుతుంది. ఈలోపు మా వీధి టైలర్ జేబులో నోట్లు పెట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు రోజూ వచ్చి ఆ మిషన్‌ను చూసిపోతున్నాడు.

అట్లాంటి సమయంలో, కాగితం.

"కరెంటు బిల్లు కాదుర అల్లుడా, చెక్కు" అన్నాడు మామ గర్వంగా. "మూడు వందల పదహార్లు. పోయినేడు వర్ధన్నపేట బస్సుల నా జేబు కోసిండ్రు గద? ఇగ నోట్లు పట్టుకొని తిరుగుడు బంద్. ఇది దొంగకు దొరికినా నా కౌంటర్‌కే రావాలె. అక్కడ్నే పట్టుకుంట."

"దొంగ సంగతి నాకెందుకు, మీ అక్క సంగతి చెప్పు" అన్నాడు నాన్న.

"అక్క కూడ నా కౌంటర్‌కొస్తే నోట్లిస్త బావా."

"అంటే నీ జేబుల పైసలు నువ్వే బ్యాంకుల పెట్టి, కాయితం పట్టుకొని ఇక్కడికొచ్చి, మీ అక్కను బస్సెక్కించి అక్కడికి పిలిపించుకొని ఇస్తవన్నట్టు."

మామ వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "నువ్వు చెప్తే మంచిగ లేదు గని, గంతే."

నాన్న ఆ చెక్కును వెలుతురుకు పట్టి చూశాడు. జీవితమంతా గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి. "పైసంటే గల్లల సప్పుడు చెయ్యాలె. నోటంటే ఏలికి తగలాలె. ఇది రెండూ చేస్తలేదు" అని తిరిగి ఒడిలో పెట్టేశాడు.

అమ్మ మాత్రం, "నా తమ్ముడు ఏసిండంటే పైసలే" అని కొంగు ముడేసుకుని దేవుడి అర దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె కళ్లు చూస్తే ఆ మాట మాకు చెప్పిందో, తనకు తాను చెప్పుకుందో తెలియలేదు.

ఆ ముడిలో, నూనె పసుపు బియ్యం మధ్య, చెక్కు తెల్లవార్లూ నిద్రపోయింది. మర్నాడు విప్పేసరికి అచ్చం మా ఇంటి మనిషి అయిపోయింది. ఒళ్లంతా పసుపు. అది చాలదన్నట్టు అమ్మ నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టింది. కొత్త బట్టకు, కొత్త పుస్తకానికి పెట్టే మనిషి కొత్త రకం డబ్బుకు పెట్టకుండా ఉంటుందా?

నేను, అమ్మ బస్సెక్కి హన్మకొండ వెళ్లాం. కౌంటర్ వెనక మామ ఇస్త్రీ చొక్కాలో, ఇంట్లో ఎప్పుడూ కనిపించనంత పెద్దమనిషిలా ఉన్నాడు. అమ్మ చెక్కు ఇచ్చింది. మామ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బిత్తరపోయాడు.

"అక్కా, ఇదేంది?"

"నువ్వేసిందే గదరా."

మామ దాన్ని తన వెనకే బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరుకు చూపించాడు. ఆఫీసరు చూశాడు, వాసన కూడా చూశాడు. నూనెకు సిరా అలుక్కుపోయి, అంకెలు మూడొందలో ఎనిమిదొందలో తెలియకుండా ఉబ్బిపోయాయి.

"ఎవరి చెక్కయ్యా ఇది?"

"నాదే సార్."

"ఇది నీ సంతకమేనా?"

మామ వంగి చాలాసేపు చూశాడు. నిజాయితీపరుడు. "చెప్పలేను సార్" అన్నాడు.

తన చెక్కును తానే కాదన్న మనిషిని నేను ఆ రోజే మొదటిసారి చూశాను. నవ్వుదామని అమ్మ వైపు తిరిగితే నవ్వు రాలేదు. ఆఫీసరు, "ఇంతోటి దానికి గొడవెందుకు? కొత్తది రాసియ్యి, ఇది చింపెయ్" అంటున్నాడు. అమ్మ రెండు చేతులతో కౌంటర్ అంచు పట్టుకుంది.

"ఒడిబియ్యం చింపుతరా?" అంది. గట్టిగా అరవలేదు. అయినా క్యూలో ఇత్తడి టోకెన్లు పట్టుకున్న ఆడవాళ్లందరూ ఇటు తిరిగారు. వాళ్లలో ఒకామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆఫీసరుకు తను ఏం తప్పు మాట్లాడాడో అర్థం కాలేదు గాని, తప్పు మాట్లాడానని మాత్రం అర్థమైంది. అమ్మ చెయ్యి చాపి, కౌంటర్ అవతల మామ చేతిలోంచి చెక్కును లాక్కుంది.

సాయంత్రం మామ నోట్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. బస్సులో వచ్చినంతసేపూ జేబు మీద చెయ్యి తీయలేదట. "ఇగ పట్టు అక్కా. ఆ కాయితం నాకియ్యి, పీడ పోతది."

"పీడనా?" అంది అమ్మ. "పుట్టింటోళ్లు ఒడిలేసింది మల్ల ఎనక్కిస్తరా ఎవరన్న?"

"సరే, ఇయ్యకు. పైసలైతే తీస్కో."

"ఎట్ల తీసుకోవాలె? ఒకపారి ఒడిల ఏసినవ్. మల్ల ఏసుడంటే మొదటిది ఏసినట్టా, కానట్టా? ఒట్టి చేతుల పెడితే అప్పు. తమ్ముని దగ్గర అప్పు జేసిన్నంటరు."

"మరి మల్ల ఒడిబియ్యం ఎప్పుడు?"

"రెండేండ్లకు."

మామ నోట్లు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. చెక్కు డబ్బు కాలేదు సరే, ఇప్పుడు డబ్బు కూడా డబ్బు కావడం లేదు. నాన్న జీవితంలో మొదటిసారి నోట్లను చూసి జాలిపడ్డాడు. గోడ అవతల సారు ఇంట్లో పెట్టెలకు తాళ్లు కడుతున్న చప్పుడు. అక్కడే టైలర్ దగ్గాడు కూడా, వాడి దగ్గు మా అందరికీ తెలుసు. అమ్మ ఆ గోడ వైపే చూస్తూ, కళ్లలో నీళ్లు కింద పడకుండా నిలబెట్టుకుంది.

నాకు అట్లాంటి ఘట్టాలు పడవు. "అయితే మామా, మా అమ్మకు వద్దులే. ఆ మిషన్‌కే ఒడిబియ్యం పోసెయ్" అన్నాను.

నాన్న నా వైపు, తన్నడానికి కాలు ఎత్తాలా వద్దా అన్నట్టు చూశాడు. మామ మాత్రం చటుక్కున తలెత్తాడు. "సారుకు అకౌంట్ ఉంటది గద? ఆయన జీతం బ్యాంకులనే పడ్తది! ఒడిల ఏసిన చెక్కునే ఆయన పేర రాసిస్త, నోట్లు ఎవరి చేతులకూ పోవు, అప్పు కాదు!"

ఇద్దరం గోడ పక్క సందులోంచి పరుగెత్తాం. మామ కొత్త చెక్కు సారు పేరు మీద రాశాడు. సారు రెండు చేతులతో తీసుకుని, చదివి, డైరీలో పెట్టుకుని, "ఖమ్మంల ఏసుకుంట" అన్నాడు. అంతే. నేను మాత్రం, "సారూ, పసుపు తగలనియ్యకుండ్రి" అని చెప్పాను. సారు భార్య ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో, కాగితం పుచ్చుకుని ఇనప మిషన్ ఇచ్చేస్తున్న మొగుడి తెలివి మీద ఆమెకున్న అభిప్రాయమంతా ఉంది. టైలర్ నోట్లు తీసి చూపించాడు కూడా. సారు మాట తప్పలేదు.

నేను, మామ మిషన్ మోసుకొచ్చి దేవుడి అర ముందు దించాం. ఒక్క నోటు చేతులు మారలేదు, ఒక్క పైస మోగలేదు. నాన్న దాని చుట్టూ తిరిగి దొంగసొత్తును చూసినట్టు చూశాడు. "పోలీసులు రారు గద?" అన్నాడు, సగం నిజంగానే. అమ్మ మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, "మరి పైసలు యాడికెల్లి పోయినయ్ రా?" అని అడిగింది. మామ తన ఖాతాలోంచి సారు ఖాతాలోకి పోతాయని చెప్పాడు. అమ్మ గాలిలోకి, హన్మకొండ వైపు చూసింది, అవి ఆ పక్క నుంచే వెళ్తున్నట్టు.

ఆ వారంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. చెక్కుకు చెక్కును ఎరిగిన మనిషి కావాలి. ఇద్దరు బ్యాంకు మనుషుల మధ్య అది పక్షిలా ఎగిరిపోతుంది. మా అమ్మ లాంటి మనిషి ముందు మాత్రం కాళ్లు విరిగి కూలబడుతుంది. అయితే ఆ కూలబడ్డదాన్ని ఎత్తుకుని ఒళ్లో పెట్టుకునేది కూడా అట్లాంటి మనుషులే.

ఒడిబియ్యం గుడ్డతో రవికె కత్తిరించగా మిగిలిన ముక్కతో, ఆ మిషన్ మీద అమ్మ కుట్టిన మొదటి వస్తువు పసుపు చెక్కుకు సంచి. కుట్లు వంకరగా వచ్చాయి. బ్యాంకు లాకరుకు ఏమాత్రం తీసిపోదని నేను మెచ్చుకున్నాను.

వర్షాకాలం పోయాక మామ వచ్చి, అన్నం తింటూ మామూలుగా అన్నాడు. "అక్కా, ఇగ ఆ కాయితం ఫికర్ లేదు. ఆర్నెల్లయింది, చెక్కు సచ్చిపోయింది."

అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. కూర కారి నేల మీద పడుతున్నా చూసుకోలేదు. "ఏం మాటరా అది? ఒడిల ఏసింది సచ్చుడేంది?"

మామ బ్యాంకు పద్ధతి వివరించబోయాడు. నాన్న కళ్లతోనే వద్దన్నాడు. నాకు కూడా, నమ్మండి, ఏ జోకూ తోచలేదు. అమ్మ లోపలికి వెళ్లి సంచి తెచ్చి ఆయన పళ్లెం పక్కన పెట్టింది. "నీ బ్యాంకు సంగతి నాకొద్దు. మంచిగ జెయ్యి."

మామ ఎంగిలి చెయ్యి కడుక్కుని, కలం తీసి, పాత తేదీ కొట్టేసి, ఆ రోజు తేదీ వేసి, పక్కన సంతకం పెట్టాడు. ఆ కాగితానికి ఏ బ్యాంకులోనూ ఒక్క రూపాయి రాదని మా నలుగురిలో ముగ్గురికి తెలుసు. నాలుగో మనిషి అడగలేదు.

అప్పటి నుంచి ఆర్నెల్లకోసారి మామ వస్తాడు. రెండేళ్ల తర్వాతి ఒడిబియ్యానికి కొత్త నోట్లు పెట్టాడు. అయినా సంచి బయటికి రావడం మానలేదు. మొన్న వచ్చినప్పుడు చూస్తే, చెక్కు నిండా తేదీలు, సంతకాలు, వేలెడు జాగా లేదు. మామ దిక్కుతోచక నా వైపు చూశాడు. నేను కాగితాన్ని వెనక్కి తిప్పి ఇచ్చాను. అటుపక్క పసుపు తప్ప రాత లేదు. మామ కలం మూత తీశాడు.

"ఆగు తమ్మీ" అంది అమ్మ, చెక్కును చెంగుతో తుడుస్తూ. "చేతులు కడుక్కున్నవా?"