కత్తిరించిన నీడ

మావయ్య పోయాడని అత్త ఫోను చేసినప్పుడు నేను భవానీపూర్‌లో బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని ఎవరిదో సంతకం సరిచూస్తున్నాను. "మీ మావయ్య ఎల్లిపోనాడే. టీ తాగి గ్లాసు కింద ఎట్టినాడు, అంతే" అంది అత్త. ఫోను పెట్టేసి, ఆ సంతకం సరిగ్గానే ఉందని ముద్ర వేశాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివాక మీరు నన్నేమనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మావయ్య మా అమ్మకి అన్న. కలకత్తాలో చెత్త లారీ నడిపేవాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వీధులూడ్చాడు. కొడుకు చీపురు వదిలి స్టీరింగు పట్టాడంటే మా ఇంట్లో అది కలెక్టరు ఉద్యోగమంత. నాన్న పోయాక ఏక్‌బాల్‌పూర్‌లో తన గది పక్క గదిలోనే అమ్మనీ నన్నూ పెట్టుకుని, నాకు చదువు చెప్పించాడు.

రోజూ లారీ ఖాళీ చేసే ముందు చెత్తలో ఓసారి వెతికేవాడు. నా గౌనుకి గుండీలు, మూత లేని కంపాస్ పెట్టె, మొదటి సగం చిరిగిపోయిన ఇంగ్లీషు డిక్షనరీ, అన్నీ అక్కడివే. నేను మొహం చిట్లిస్తే "సెత్తలో పడ్డదల్లా సెత్త కాదే, గుంటా" అనేవాడు. ఆ డిక్షనరీ పుణ్యమా అని ఇప్పటికీ నాకు 'ఎమ్' తర్వాతి మాటలే బాగా వచ్చు.

ఖిదిర్‌పూర్ ఓడరేవు దగ్గర బజారులో కొన్న పాత కెమెరా ఒకటి ఉండేది ఆయనకి. మా గదుల లైన్లో ఎవరు పోయినా, పాడె ఎత్తేముందు అందరూ శవం చుట్టూ నిలబడాలి, మావయ్య ఫొటో తీయాలి. శ్రీకాకుళం వైపు ఊళ్ళో ఉన్నవాళ్ళు చివరిచూపుకి రాలేరు కదా, ఆ ఫొటోయే వాళ్ళకి చూపు. "ఒక్క నిమసం ఏడుపాపండి, బొమ్మ కదిలిపోతాది" అని కసిరేవాడు. ఆ కసురుకి అందరూ నిజంగానే ఆపేవాళ్ళు.

నాకు పదహారేళ్ళప్పుడు పైచదువుకి స్కాలర్‌షిప్ ఫారం వచ్చింది. దానికి ఫొటో కావాలి. పన్నెండు బొమ్మల రీల్లో పదకొండు చావుకీ పెళ్ళికీ అయిపోయి, ఒక్కటి మిగిలింది. "స్టూడియో ఎందుకే, ధాపా కాడ ఎండ బాగుంటాది" అన్నాడు మావయ్య. ధాపా అంటే ఊరి చెత్తంతా పోసే చోటు. ఆ రోజు బస్సుల సమ్మె, బడి లేదు. నూనె రాసి రెండు జడలు వేసుకుని, చెత్త లారీలో ఆయన పక్కన కూర్చుని ఫొటో తీయించుకోడానికి బయల్దేరాను. లారీ తలుపుకి తెల్ల పంచె కట్టి, దాని ముందు నన్ను నిలబెట్టాలని ఆయన ఆలోచన.

అప్పటికి బైపాస్ రోడ్డు కొత్త. రెండు పక్కలా చేపల చెరువులు. ఒక కల్వర్టు దగ్గర మావయ్య బ్రేకు వేసి ఇంజను ఆపేశాడు. గోడ మీద డేగ. ఛాతీ తెల్లగా, కంటి మీదుగా నల్లటి చార, కాళ్ళ కింద ఇంకా కొట్టుకుంటున్న చేప. మోయలేనంత చేపని పట్టి, వదల్లేక అక్కడ దిగినట్టుంది. పైన కాకులు తిరుగుతున్నాయి.

"కదలకు" అని గొణిగి, చెప్పులు విడిచి దిగాడు. పది అడుగులు వేయడానికి ఎంతసేపు పట్టిందో. డేగ పసుపుపచ్చ కళ్ళతో ఆయన్నే చూస్తోంది. చేపని వదలదు, ఎగరదు. మావయ్య వెనక నుంచి పొద్దుటి ఎండ. కెమెరా ఎత్తాడు. ఆ ఒక్క బొమ్మా తీసేశాడు. క్లిక్కుమనగానే డేగ చేపతో సహా నీళ్ళ మీదుగా బరువుగా వెళ్ళిపోయింది.

"మరి నా ఫొటో?" అన్నాను.

"నీ మొకం రోజూ ఉంటాది కదే. అదెక్కడ దొరుకుతాది?"

ఇల్లు చేరేదాకా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఆయన మాత్రం దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఫొటో వచ్చాక నాక్కూడా కోపం నిలవలేదు. డేగ రెక్కలు సగం విప్పి, తిన్నగా మన కళ్ళలోకి చూస్తోంది. కింద గోడ మీద మావయ్య నీడ, తలా, ఎత్తిన రెండు మోచేతులూ. ఆ నీడకి వెనకవైపు, ఫొటోకి సరిగ్గా అడుగున, ఇంగ్లీషులో ఆయన పేరు గుండ్రంగా రాశాను. ఆయనకి ఏ భాషా చదవడం రాదు. నేను రాస్తుంటే భుజం మీంచి చూసి "ఇంత పొడుగా నా పేరు?" అన్నాడు.

ఆదివారం పొద్దున్న మా లైనువాళ్ళు ఏ కాగితం ఉన్నా భవానీపూర్‌లో ఉండే ఒక తెలుగు ఆఫీసరుగారి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆయన ఫారాలు నింపేవారు, సంతకం చేసేవారు, పైసా తీసుకునేవారు కాదు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. మాకు టీ ఇచ్చే గ్లాసులు కిటికీ మీద విడిగా బోర్లించి ఉండేవని చెప్పకపోయినా అన్యాయమే. మావయ్య ఎప్పుడూ మెట్ల మీదే కూర్చునేవాడు. చదువుకుంటున్నదాన్ని కాబట్టి నన్ను లోపలికి రానిచ్చేవారు.

స్టూడియోలో తీయించుకున్న నా ఫొటో అంటించిన ఫారంతోపాటు డేగ ఫొటో కూడా ఇచ్చాను. కలకత్తాలో ఏదో క్లబ్బువాళ్ళ ఫొటోల పోటీ ఉందని ఆయనే ఇదివరకు చెప్పారు. ఆఫీసరుగారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. తిప్పి, వెనక పేరు చదివారు.

"అద్భుతంగా ఉందమ్మా. కానీ వాళ్ళు సభ్యుల ఫొటోలే తీసుకుంటారు. నా పేరు మీద పంపిద్దాం, మీ మావయ్యకి నేను చెప్తాలే. కింద ఆ నీడ ఒక్కటీ పిట్టకి అడ్డంగా ఉంది, తీసేయ్" అంటూ కత్తెర నా చేతికిచ్చారు.

నీడ పోతే దాని వెనకున్న పేరూ పోతుందని ఇద్దరికీ తెలుసు. బల్ల మీద నా ఫారం, దాని మీద మూత తీసిన పెన్ను. ఇంకా సంతకం కాలేదు. పది అడుగులు వేస్తే మెట్ల మీద మావయ్య ఉన్నాడు. వెళ్ళి అడగొచ్చు. వెళ్ళలేదు. కత్తెర కాస్త వంకరగా పోయింది. మిగిలిన బొమ్మ వెనక, నా చేత్తోనే, ఆఫీసరుగారి పేరు రాశాను. ఆయన ఫారం మీద సంతకం పెట్టారు. రెండు వేళ్ళ వెడల్పు ముక్కని బయటికొస్తూ గుమ్మం అవతల చెత్తబుట్టలో వేశాను. మావయ్య నా వెనకే వంగాడు, చెప్పులు వేసుకోవడానికనుకున్నాను.

నెల్లాళ్ళకి పోటీ ఫొటోలు ఒక హాల్లో పెట్టారు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని అత్తనీ నన్నూ తీసుకెళ్ళాడు. డేగకి మొదటి బహుమతి. అద్దం కింద అట్టముక్క మీద ఇంగ్లీషులో పేరు. మావయ్య దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కింద ఏటి రాసినారే?"

"పిట్ట పేరు, మావయ్యా."

నా మొహంలోకి ఓసారి చూశాడు. "మంచి పేరే" అన్నాడు. బయట మా ఇద్దరికీ కారం మరమరాలు, ఝాల్‌మూడీ, కొనిపెట్టాడు. తను తినలేదు.

తర్వాత ఆఫీసరుగారు బదిలీ అయి వెళ్ళిపోయారు, ఫొటోతో, పోటీకని అడిగి తీసుకున్న నెగటివుతో సహా. నాకు స్కాలర్‌షిప్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో కాపురం వచ్చింది. మావయ్య చావుల ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. పిట్టల జోలికి మాత్రం మళ్ళీ పోలేదు. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. తెలియని మనిషిని ఎందుకు బాధపెట్టడమని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. పిరికితనానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు అది.

మావయ్య పోయిన మూడో రోజున అత్త ఆయన లారీ లైసెన్సు ఉన్న ప్లాస్టిక్ కవరు నా ఒళ్ళో పెట్టింది. "పించను ఆఫీసులో అడుగుతారట. బేంకుదానివి, నువ్వే సూడు." లైసెన్సు లాగితే దాని వెనక నుంచి ఒక ముక్క జారిపడింది. రెండు వేళ్ళ వెడల్పు. అంచులు అరిగి మెత్తబడ్డాయి. తలా, ఎత్తిన రెండు మోచేతులూ. నా కత్తెర వంకరపోయిన చోట చేప తోక.

అంటే హాల్లో నన్ను ఆ మాట అడిగేనాటికే ఇది ఆయన జేబులో ఉంది.

"అదేటే? ఎప్పుడూ ఆ కవర్లోనే ఎట్టుకునీవోడు, నన్ను ముట్టనిచ్చీవోడు కాదు" అంది అత్త. ముక్కని తీసుకుని తిప్పి చూసింది. ఆవిడకీ చదవడం రాదు. "ఎనకాల ఏటి రాసినారు?"

"మావయ్య పేరు, అత్తా."

"ఎవలు రాసినారు?"

"నేనే."

అత్త కొంగుతో దాన్ని ఓసారి తుడిచి, దీపం పక్కన చెంబుకి ఆనించింది. నీడ అందులో ఇంకా మోచేతులెత్తి, కదలకుండా, దేన్నో ఫొటో తీస్తూనే ఉంది.