రెండో స్థానం నుంచి శిరీషకి

నిన్న ఫస్ట్ షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి టిఫిన్ డబ్బా కడుగుతుంటే శిరీష వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మా అక్క పోయింది" అన్నాడు.

"ఏడికి వోయిందిరా?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. శిరీష ఎప్పుడూ ఎక్కడికో ఒక చోటికి పోతూనే ఉండే మనిషి కదా. నేషనల్స్ అని, క్యాంప్ అని, ట్రయల్స్ అని. మళ్లీ దేనికి సెలెక్ట్ అయిందో అని నా కడుపులో ఎప్పుడూ ఉండే మంట అప్పుడే మొదలైంది కూడా.

వాడు అవతల ఏడుస్తుంటే అప్పుడు అర్థమైంది.

బసంత్‌నగర్ దగ్గర వానలో స్కూటీ జారిందట. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

పొద్దున్నుంచి గోదావరిఖనిలో ఎవరి స్టేటస్ చూసినా దాని ఫొటోనే. మెడలో మెడల్, పొట్టి జుట్టు, ఆ నవ్వు. స్టేట్ సెలెక్షన్ రోజు తీసింది. అందులో ఎడమ వైపు ఒక సగం భుజం కనిపిస్తుంది చూడండి.

ఆ భుజం నాది.

సెకండ్ వచ్చింది నేనే. పోయి కూడా నన్ను ఫ్రేమ్‌లోంచి నెట్టేసింది, మహాతల్లి.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. శిరీష కయాక్ స్లాలమ్‌లో నేషనల్ ఛాంపియన్. ఉరికే నీళ్లలో, తాళ్లకు వేలాడే కర్రల మధ్య నుంచి చిన్న పడవ నడుపుతూ అందరికంటే తక్కువ టైమ్‌లో కిందికి చేరాలి. ఒక జత కర్రల్ని గేటు అంటారు. పచ్చ గేటు అయితే నీళ్లతో పాటు వెళ్లాలి. ఎర్ర గేటు అయితే పడవ తిప్పి, నీళ్లకు ఎదురెక్కి దాటాలి.

మా బొగ్గు గనుల కాలనీ పూల్‌లో మాకు ఈత నేర్పిన సార్ ఎక్కడినుంచో రెండు పాత కయాక్‌లు తెచ్చాడు. గోదావరిలో బండల మధ్య నీళ్లు ఉరికే చోట గేట్లు కట్టాడు. ఒక పడవ నాకు, ఒకటి శిరీషకి.

మొదటి రోజు ఎర్ర గేటు దగ్గరికి రాగానే ఇద్దరం తెడ్లు పైకెత్తి ఆగిపోయాం.

మరి మా దగ్గర ఎర్ర జెండా కనపడితే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ ఉందని అర్థం. ఎక్కడి బండి అక్కడే ఆగాలి. పుట్టినప్పటి నుంచి అదే అలవాటు.

మేము ఆగాం కానీ నీళ్లు ఆగలేదు. ఇద్దరం బోల్తా.

"గిక్కడ బ్లాస్టింగ్ లేదమ్మా, ఎదురు వోండ్రి" అని సార్ ఒడ్డు మీద తల కొట్టుకున్నాడు.

శిరీష ముక్కులో నీళ్లు చీదుకుంటూనే మళ్లీ పడవెక్కింది. రెండోసారికే ఎర్ర గేటు దాటింది. నాకు ఆ సీజన్ అంతా పట్టింది.

అక్కడ మొదలైంది నా కుళ్లు.

తర్వాత స్టేట్ సెలెక్షన్. ముందు రోజు అది వెళ్లి జుట్టు మెడ దాకా కత్తిరించుకుని వచ్చింది. వాళ్లమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"నువ్వు గూడ కత్తిరియ్యే, గేటు పోల్‌కు తాకుతది" అని నాకూ చెప్పింది.

నా జడ నడుము దాటి ఉండేది. కాలనీలో నాకంటూ ఉన్న పేరల్లా ఆ జడే. కత్తిరించనన్నాను.

మర్నాడు చివరి గేటులో నా పడవ దాటింది, తెడ్డు దాటింది, నేను దాటాను. హెల్మెట్ కింద నుంచి ఎగిరిన జడ పోల్‌కు తగిలింది. జడ్జి చెయ్యెత్తాడు. తగిలితే టైమ్‌కి రెండు సెకన్లు కలుపుతారు. అవి కలపకపోతే నేనే ఫస్ట్.

జడ లెక్కలోకి రాదని నేను ఇప్పటికీ వాదిస్తాను. వాదించినప్పుడల్లా అది నవ్వేది. "జడ నీదే గద, పక్కింటోళ్లదా?"

అది నేషనల్స్‌కి వెళ్లింది. నేను ఇంటికొచ్చాను.

మా నాన్న మెడికల్‌గా అన్‌ఫిట్ అయ్యాక కంపెనీలో ఆయన ఉద్యోగం నాకొచ్చింది. మా దగ్గర అంతకంటే అదృష్టం లేదంటారు. శిరీషకీ అదే అదృష్టం వచ్చింది. వద్దంది.

"తమ్మునికి ఇయ్యి నాయినా, నాకు ఇండియా జెర్సీ కావాలె" అందట.

కాలనీ అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మాట అనే ధైర్యం దానికే ఎందుకుండాలి?

శిరీష నేషనల్స్‌లో గెలిచిన ప్రతిసారీ వాళ్ల నాన్న మా క్వార్టర్‌కి బాదుషాలు పంపేవాడు. అన్నీ తిన్నాను. ఒక్కటీ తియ్యగా అనిపించలేదు.

పోయిన వారం మా ఇంటికొచ్చింది. వచ్చే నెల ఇండియా టీమ్ ట్రయల్స్. ఈసారి దానికి జెర్సీ వచ్చి తీరుతుందని అందరికీ తెలుసు. నాకూ తెలుసు, అదే నా బాధ.

వంటింట్లో నిలబడే పప్పుచారు అన్నం తింటూ, "నిన్ను సూస్తే కడుపు మండుతదే" అంది.

"నన్ను సూస్తెనా?"

"నెల తిరిగితే జీతం పడుతది. షిఫ్టు దిగితే ఫికర్ లేదు. నాకేమున్నది, ఒక్క గేటు తప్పితే ఏడాది కష్టం నీళ్లల్ల వోతది."

ఆ మాటకి నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇన్నేళ్లకి దానికి నా మీద కుళ్లు పుట్టింది. ఇంకో గరిటె చారు పోశాను.

వెళ్తూ వెళ్తూ, "ట్రయల్స్‌కు లీవు వెట్టి రావే. నువ్వు సూస్తుంటేనే నా చెయ్యి జల్ది ఆడుతది" అంది.

"సూద్దాం" అన్నాను.

మర్నాడే లీవు అడిగాను. దానికి మాత్రం చెప్పలేదు. చెబితే నెత్తికెక్కి కూర్చుంటుందని.

శిరీ, ట్రయల్స్ నీ కోసం ఆగవు. నీ జాగాలో ఇంకో అమ్మాయి పడవలో కూర్చుంటుంది. ఎవరో ఏమో, మొహం కూడా తెలియదు. ఆ అమ్మాయి మీద నాకు ఇప్పటినుంచే ఒళ్లు మండుతోంది.

ఆ జెర్సీ అయితే నీది, కాకపోతే నాది. మూడో మనిషిది ఎట్లా అవుతుంది?

లీవు క్యాన్సిల్ చెయ్యడం లేదు. వెళ్తాను. ఒడ్డు మీద నిలబడి, గెలిచిన అమ్మాయిని చూసి మనిద్దరి తరఫునా కడుపు నిండా కుళ్లుకుని వస్తాను.

ఇక నీకు టైమ్ చూసేవాళ్లెవరూ లేరు. నిమ్మళంగ ఉండవే శిరీ.