మాట్లాడే పెట్టెకు ఆయుధ పూజ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను బెంగళూరు పక్కన చందాపురలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడిలో టీచర్ని. ఆనేకల్ నుంచి ఒక పదేళ్ల పిల్ల వచ్చేది. పుట్టినప్పుడు మెదడుకు గాలి అందక కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి, మాట రాలేదు. బుర్ర మాత్రం పాదరసం. నేను జడ వంకరగా వేసుకొస్తే క్లాసులో ముందు నవ్వేది అదే.

ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి విదేశం నుంచి మాకొక మాట్లాడే పెట్టె తెచ్చిచ్చాడు. పైన ఎనిమిది పెద్ద మీటలు, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. ముందే మాట రికార్డు చేసి పెడితే, పిల్ల మీట నొక్కగానే పెట్టె దాన్ని పలుకుతుంది. దాహం, ఆకలి, నొప్పి, ఇలాంటివన్నీ నా గొంతుతోనే చెప్పాను. మొదటి మీట మీద వాళ్లమ్మ ఫోటో అంటించి "అమ్మా, ఇట్రా" అని రికార్డు చేశాను.

వాళ్లమ్మ ఇంట్లోనే చీరలు నేసేది. గుంట మగ్గం. గుంటలో కాళ్లు దించి గోడవైపు తిరిగి కూర్చుంటే, వెనక బిడ్డ ఒరిగిపోయినా, బట్టలు తడుపుకున్నా తెలిసేది కాదు. మగ్గం చప్పుడులో దాని మూలుగు వినపడదు. పెట్టె ఇంటికి వెళ్లిన మర్నాడే ఆవిడ బడికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నా బిడ్డ నన్ను పిలిచింది మేడం. గొంతు మీదే గానీ, పిలిచింది నా బిడ్డే. దినమంతా పిలస్తానే ఉండాది, ఒక చీర కూడా సాగనీదు" అని ఫిర్యాదు చేస్తూ మురిసిపోయింది.

దసరా సెలవులకు పెట్టె వాళ్లింట్లోనే ఉంది. బెంగళూరులో ఆయుధ పూజంటే తెలిసిందేగా, బస్సుకు అరటిపిలకలు కడతారు, ఆఫీసులో కంప్యూటర్‌కు బొట్టు పెడతారు. మా బడి కంప్యూటర్‌కు పెట్టింది నేనే. వాళ్లింట్లో మగ్గానికీ, నాడెకూ, కత్తెరకూ పూజ చేసి, పెట్టెకు మాత్రం ఎందుకు చెయ్యకూడదనుకున్నారు. మీట మీటకూ తడి గంధం, దాని మీద కుంకుమ. బిడ్డ నోరు గదా అని వాళ్లమ్మ పసుపునీళ్లు కాస్త ఎక్కువే చల్లింది. అవి మీటల సందుల్లోంచి లోపలికి దిగాయి.

సెలవులయ్యాక వాళ్లమ్మ పెట్టెను నా బల్ల మీద పెట్టి నిలబడింది.

"పూజ చేస్తే చెడిపోతాదా మేడం?"

నాకు కోపం నషాళానికంటింది. ఎవరి మీద చూపించాలో తెలీలేదు. బిడ్డ గొంతును తీసుకెళ్లి దేవుడి ముందు పెట్టిన తల్లిని ఏమని తిట్టను?

సిటీలో రిపేరు షాపులన్నీ తిరిగాను. ప్రపంచానికంతా సాఫ్ట్‌వేర్ అమ్మే ఊళ్లో, ఆ పెట్టె విప్పిన ప్రతివాడూ పెదవి విరిచాడు. లోపలి చిప్పు పోయిందట, ఇక్కడ దొరకదట. తెచ్చిచ్చినాయనకు ఈమెయిల్ పెడితే, ఆ మోడల్ తయారీ ఆపేశారని జవాబొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు పాఠం సరిగ్గా చెప్పలేకపోయాను.

చివరికి అట్ట మీద అవే బొమ్మలు అంటించి ఇచ్చాను. చేత్తో తాకి చూపిస్తుంది, చాలదా అన్నారు తోటి టీచర్లు. నిజమే, చూసేవాళ్లు ఎదురుగా ఉంటే చాలు.

ఒక శనివారం వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. అమ్మ మగ్గం గుంటలో, గోడవైపు. పిల్ల ఒళ్లో నేనిచ్చిన అట్ట లేదు, పలకని పెట్టే ఉంది. మొదటి మీట నొక్కి అమ్మ వీపు వంక చూస్తోంది. మళ్లీ నొక్కుతోంది. గౌను తడిసిపోయి ఉంది. నన్ను చూసి కాసేపు ఆగింది. తర్వాత నా నోటి వంకే చూస్తూ మీట నొక్కింది.

గుమ్మంలోంచే "అమ్మా, ఇట్రా" అన్నాను.

మగ్గం ఆగింది. పెట్టె బాగైపోయిందనుకుని, ఆవిడ మొహమంతా నవ్వుతో వెనక్కి తిరిగింది.